సందుకంతా ఒక బోరు

చిట్టిబాబు ఉత్తరాదిలో ఒక ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. తనతోపాటు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. క్వార్టరు ఖాళీ చేశాక అదే ఊళ్లో వైశాలి నగర్‌లో ఒక సందు చివర చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. ఆ సందులో తెలుగు మాట్లాడే ఇల్లు మరొకటి లేదు.

ఈ వేసవిలో పెరట్లో బోరు ఎండిపోయింది. కొత్తది వేయిద్దామంటే రిగ్గు బండివాడు ఒప్పుకోలేదు. నీటి ఎద్దడి రోజుల్లో అనుమతి లేకుండా తవ్వితే బండి జప్తు చేస్తారన్నాడు. చిట్టిబాబు మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాడు.

చూసి వెళ్లడానికి ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కాగితం మీద అతని పేరు చూసి, "తెలుగువాళ్లా అంకుల్? నా పేరు హరిత. ఇక్కడే రిసాలిలో ఉంటాం" అంది.

చిట్టిబాబు గబగబా కుర్చీ తుడిచాడు. "కూకో అమ్మా. టీ పెడతాను. మీదే ఊరు?"

"నాన్నగారిది విజయనగరం. నేను పుట్టింది ఇక్కడే. తెలుగు థోడా థోడా వస్తుంది." నవ్వి, కలం తీసింది. "ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కడినే."

ఆమె రాయడం ఆపింది. "ఒక్కరికే అంటే పర్మిషన్ ముష్కిల్, అంకుల్. పెద్దసారు ట్యాంకర్ తెప్పించుకోమంటారు. గల్లీ అంతటికీ కలిపి అడిగితే ఇవ్వొచ్చు. పక్కవాళ్ల సంతకాలు తేగలరా?"

"ఆళ్లని నేనెప్పుడూ పలకరించనేదమ్మా. ఇప్పుడెళ్లి ఏటని అడగను?"

"నీళ్లు అందరికీ కావాలి కదా" అంది హరిత.

ఆ సాయంత్రం చిట్టిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటింటికీ వెళ్లాడు. ఒకావిడ అతన్ని కొరియర్ మనిషనుకుంది. ఇంకొకాయన, ఆ చివరి ఇంట్లో ఎవరూ ఉండరనుకున్నానన్నాడు. నీళ్ల మాట విన్నాక మాత్రం అందరూ సంతకాలు పెట్టారు.

అనుమతి వచ్చింది. రిగ్గు బండి వచ్చిన రోజు సందంతా చిట్టిబాబు ఇంటి ముందే ఉంది. తెల్లటి రాతిపొడి ఎగిసి ఎగిసి, చివరికి తడిమట్టి పైకొచ్చింది. పిల్లలు కేకలు వేశారు. ఎవరో అతని నోట్లో దూద్‌పేడా ముక్క పెట్టారు. "చాచాజీ" అని భుజం తట్టారు. అతనికి కళ్లు చెమర్చాయి.

ఆ బోరు నుంచి తమ ఇళ్లకు గొట్టాలు వేసుకున్నాక ఎవరి తలుపులు వాళ్లు మూసుకున్నారు.

బోరు పూర్తయిందని చూడటానికి ఆఫీసువాళ్లు వస్తారని తెలిసి చిట్టిబాబు ఆ ఉదయం పెసరట్లు వేశాడు. హరిత కాకుండా వేరే అతను వచ్చాడు. ఆమెను వేరే జోన్‌కు మార్చారట. గుమ్మంలోనే ఫోటో తీసుకుని, హిందీలో రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయాడు. పెసరట్లు చిట్టిబాబు మధ్యాహ్నం కూడా తిన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మోటారు వేయడం అతని పని. కాసేపటికి ట్యాంకు నిండిందని ఏదో ఒక డాబా మీంచి కేక వినిపిస్తుంది: "అంకుల్, టంకీ భర్ గయీ!"

"అలాగేనమ్మా" అంటాడు తెలుగులో. మోటారు మోతలో అది ఎవరికీ వినబడదు. మోటారు ఆపి లోపలికి వెళతాడు.