బానెట్ మీద సీలు

మొన్న మధ్యాహ్నం చిలకలూరిపేట దగ్గర పెట్రోలు బంకులో టైర్లకు గాలి పట్టించుకుంటుంటే, పక్కన ఆగిన కారు ముందు నుంచి ఒక వాసన వచ్చింది. మాడబోతున్న బెల్లప్పాకంలో కాలిన రబ్బరు కలిసినట్టుండే వాసన. ఇంజనును చల్లబరిచే కూలెంటు ఎక్కడో కారి, వేడి ఇనుము మీద పడి ఆవిరైతే అలా ఉంటుంది. ఆ కారాయన తాపీగా టీ తాగుతున్నాడు. నేను దగ్గరకు వెళ్లి, "ఇప్పుడే రేడియేటరు మూత తీయకండి. చల్లారాక వాటర్ పంపు ఒకసారి చూపించుకోండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏదో అంటగట్టడానికి వచ్చిన మనిషి అనుకున్నట్టున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. వసుంధర గారి దగ్గర పనిచేసిన రోజుల్లో మేమిద్దరం లోకాన్నంతా అలాగే చూసేవాళ్లం.

గుంటూరులో మిర్చి నాణ్యత పరీక్షించే ఒక చిన్న ప్రైవేటు ల్యాబుకు ఆవిడ ఇన్‌చార్జి. నేను ఆవిడ కింద జూనియర్‌ని. సరుకు కొనబోయే ఎగుమతిదారుల తరఫున మేం ముందుగా చెప్పకుండా కోల్డ్ స్టోరేజీలకు వెళ్లి, బస్తాల్లోంచి నమూనాలు తీసి, సంచులకు కాగితపు సీలు వేసి, దాని మీద సంతకం పెట్టి తెచ్చేవాళ్లం. వసుంధర గారు పొట్టి మనిషి. ముతక మంగళగిరి చీర, భుజాన గుడ్డసంచి. బస్తా విప్పగానే పైన కనిపించే ఎర్రటి కాయల్ని పక్కకు నెట్టి, మోచేతి దాకా లోపలికి చెయ్యి దూర్చేవారు. "పైనున్నవి మనకు చూపించడానికి పెట్టినవి సరళా. మనకు చూపించనివి చూడాలి" అనేవారు. మంట పుట్టి చెయ్యి కందిపోయినా లెక్కచేసేవారు కాదు. నేను చేరిన మొదటి వారంలో, "ఇక్కడున్న సరుకంతా ఈ ఏడాదిదేనంటండీ" అని చెప్పాను.

"ఎవరన్నారు?"

"వాచ్‌మన్ అన్నాడండీ."

"ఆయన అన్నాడు, సరే. నువ్వు చూశావా?"

చూడలేదు. మళ్లీ లోపలికి పంపించారు. అడుగు వరసలో పాత కాయ, రంగు వెలిసిపోయి, తొడిమలు నల్లబడి కనిపించింది. ఆవిడ మెచ్చుకోనూ లేదు, ఎగతాళి చేయనూ లేదు. నమ్మకపోవడం ఆవిడకు కోపం వల్ల వచ్చింది కాదు, అది ఆవిడ పని. నాకది నచ్చింది. కొన్నాళ్లకు నేనూ టీ కొట్టులో పాలను, బస్సులో కండక్టరు ఇచ్చిన చిల్లరను, చుట్టాల పలకరింపులను కూడా అనుమానంగా చూడడం మొదలుపెట్టాను.

మా కారు పాతది. నడిపేది కోటేశ్వరరావు, అందరం కోటేశు అనేవాళ్లం. పర్చూరు వైపు పల్లెటూరివాడు, నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. నమూనా సంచులను కారు దాకా మోసేదీ, సీలు చెదరకుండా డిక్కీలో సర్దేదీ అతనే. ఆ ఎండాకాలం ఒకరోజు మార్టూరు వెళుతుండగా, వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. కోటేశు కారు పక్కకు ఆపాడు. రోడ్డుకు రెండు వైపులా పత్తి పీకేసిన బీడు, నీడనేది లేదు. ఇంజను చల్లారేదాకా ఆగి, నీళ్లు పోసుకుని మేం చేరేసరికి, చూడాల్సిన బస్తాలు అక్కడ లేవు. పొద్దున్నే ఎవరో తీసుకుపోయారన్నారు. కొద్ది రోజుల తర్వాత అద్దంకి దారిలోనూ అదే జరిగింది. కారు ఆగింది, మేం ఆలస్యమయ్యాం, సరుకు మారిపోయింది. ఊళ్లో తిరిగినప్పుడు మాత్రం కారు బాగానే ఉండేది.

మా మేనేజరు ఆ రెండింటినీ కలిపి చూశాడు. "రేడియేటర్లో నీళ్లు వాటంతటవే పోతాయా మేడమ్? ఎక్కడికెళుతున్నామో ముందు తెలిసేది డ్రైవరుకే. వాడే కబురు పెట్టి, దారిలో కారు ఆపుతున్నాడు. వాణ్ని మార్చేద్దాం" అన్నాడు. కోటేశు మాత్రం, "ముందు వైపు నుంచి ఏదో గీరుతున్నట్టు చప్పుడొస్తంది మేడమ్, చూపిద్దాం" అని రెండుసార్లు చెప్పాడు. అప్పటికే మా చెవులకు అది సాకులా వినిపిస్తోంది. ఒంగోలు పని మీద వెళ్లిన రోజు కారును వర్క్‌షాపుకు తీసుకెళితే, అక్కడి మేస్త్రీ బానెట్ తెరిచి చూడకుండానే ఇంజను పైభాగం మొత్తం విప్పాలన్నాడు. "ఏం చూసి చెబుతున్నారు?" అని అడిగారు వసుంధర గారు. "అనుభవమండీ" అన్నాడతను. ఆవిడ తాళంచెవి తీసుకుని వచ్చేశారు. తిరిగొచ్చే దారిలో అద్దంలో కోటేశు కళ్లు ఆవిడ వైపు ఒకసారి లేచి, మళ్లీ రోడ్డు మీదికి దిగడం చూశాను.

ఆ సాయంత్రం ఒంగోలు నుంచి తిరిగొచ్చాక, కోటేశు ఇంటికి వెళ్లేదాకా ఆగి, ఆవిడ నన్ను షెడ్డులోకి పిలిచారు. ఇంజను చేత్తో తాకగలిగేంత చల్లారాక, కూలెంటు డబ్బా గీత దాకా నింపారు. ల్యాబులో వడపోతకు వాడే తెల్ల కాగితాలు తెచ్చి, నీళ్లు కారడానికి వీలున్న ప్రతిచోటా కింద ఒకటి దారంతో కట్టించారు. రబ్బరు గొట్టాల అతుకుల దగ్గర, రేడియేటరు కింద, ఫ్యాను వెనక ఉండే వాటర్ పంపు కింద. ఇంజను కాసేపు తిప్పి ఆపేశారు. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ గుడ్డసంచిలోంచి సీలు కాగితం తీసి, బానెట్‌కూ బాడీకీ మధ్య సందు మీద అడ్డంగా అంటించి, సంతకం పెట్టారు. మిర్చి సంచికి వేసే సీలే.

"కోటేశుకు చెప్పొద్దా అండీ?" అన్నాను.

"చెబితే ఇంక చూసేదేముంది" అన్నారు.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి కోటేశు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. తుడుపుగుడ్డ చేతిలో పట్టుకుని కారు ముందు నిలబడి ఉన్నాడు. రోజూ తుడిచే బానెట్‌ను ఆరోజు తుడవలేదు. సీలు ఎక్కడా చెదరలేదు. వసుంధర గారు సంతకం సరిచూసి, కాగితం చింపి, మూత ఎత్తారు. డబ్బాలో నీళ్లు గీత కిందికి దిగిపోయి ఉన్నాయి. కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. పంపు కిందిది కూలెంటు రంగుతో ఆకుపచ్చగా తడిసి ఉంది. పంపు అడుగున చిన్న కన్నం ఉంటుంది, లోపలి రబ్బరు సీలు అరిగితే నీళ్లు ఆ కన్నంలోంచే బయటకొస్తాయి. దాని చుట్టూ తెల్లగా, ఉప్పు పేరుకున్నట్టు పెచ్చు కట్టి ఉంది. దూరప్రయాణంలో వేడెక్కి కారడం, కారింది అక్కడే ఆవిరైపోవడం. అందుకే షెడ్డు నేల ఎప్పుడూ పొడిగా కనిపించేది. ఆవిడ ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిలించారు. ఊడబోయే పన్నులా ఊగింది. బేరింగు కూడా పోయింది. కోటేశుకు వినిపించిన గీరుడు అదే.

వేరే మేస్త్రీ వచ్చి షెడ్డులోనే పని చేశాడు. నీళ్లు దించి, బెల్టు తప్పించి, పాత పంపు విప్పాడు. అది కూర్చునే చోట అంటుకున్న సందు మూసే పాత గాస్కెట్ ముక్కల్ని ఓపిగ్గా గీకి, కొత్త గాస్కెట్ వేసి, కొత్త పంపు బిగించాడు. కూలెంటు పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజను తిప్పాడు. వసుంధర గారు ముక్కాలిపీట వేసుకుని అతని చేతులనే చూస్తూ కూర్చున్నారు. మేస్త్రీ వెళ్లాక లేచి కోటేశు దగ్గరకు వచ్చారు.

"నిన్ను కూడా అనుమానించాను కోటేశూ. అందుకే సీలు వేశాను. కారు ఆగడంలో నీ తప్పేమీ లేదని తేలింది. మేనేజరు గారికి నేనే చెబుతాను."

కోటేశు గుడ్డ మడతపెట్టాడు. తర్వాత మెల్లగా, "మీరు చూశారు కాబట్టి నా ఉద్యోగం నిలబడింది మేడమ్. కాదనను. కానీ ఇన్నాళ్లూ ఆ సీలేసిన సంచులు మోసింది నేనే గదా. ఎవర్ని నమ్మకపోతే అది వేస్తారో నాకు తెలుసు. ఉండమంటే నేనే పక్కన నుంచునేవాణ్ని. చాటుగా ఎందుకు వేశారు?" అన్నాడు.

ఆవిడ చింపిన సీలు కాగితాన్ని మడిచి గుడ్డసంచిలో పెట్టుకున్నారు. ఇంకో సంగతి కూడా మా ముగ్గురికీ తెలుసు. పంపు సంగతి తేలింది గానీ, ఆ బస్తాలు ఎవరి మాట మీద కదిలాయో తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. ఆ మిగిలిన అనుమానం కారులో మాతోపాటే నాలుగో మనిషిలా తిరిగింది. మేనేజరు మళ్లీ అడిగినప్పుడు, "చూడనిదాని మీద మనిషిని తీసెయ్యనండీ" అని వసుంధర గారు గట్టిగానే చెప్పారు. అయినా మిర్చి సీజను ముగిశాక కోటేశు తనే మానేశాడు. పత్తి లారీ మీద చేరానని చెప్పి, ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆవిడ ఉండమని అడిగారు. అతను నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

ఆ తర్వాత వసుంధర గారి అనుమానం ఏమీ తగ్గలేదు. మోచెయ్యి అలాగే బస్తాలో దిగేది. కానీ ఎవరినీ పిలవకుండా సీలు వేయడం మాత్రం మానుకున్నారు. స్టోరేజీ ఓనరైనా, హమాలీ అయినా, "మీ మీద అనుమానంగానే ఉంది. రండి, మీ ఎదురుగానే విప్పుతాను" అనేవారు. కొందరు తిట్టేవారు. ఆవిడ పడేవారు. 

ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. అనుమానించడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, వదులుకోలేదు, వదులుకోవాలనీ లేదు. కిందటి నెల ల్యాబులో నమూనాలు తారుమారైనప్పుడు, అందరూ వేలెత్తి చూపించిన అటెండరు లక్ష్మిని నా గదిలోకి కాదు, నమూనాలుండే అల్మరా దగ్గరకు పిలిచాను. "నీ మీద అనుమానం ఉందమ్మా. నేను చూస్తాను, నువ్వూ చూడు" అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. కొంగు నడుమున దోపుకుని, వచ్చి నా పక్కన నిలబడింది.