స్పీడోమీటరు ఆగిందని యాదయ్యను దొంగన్నాను

బుకాయించకండి, మీ కారు నడిపే మనిషిని మీరూ అనుమానంగానే చూస్తారు. నేనూ అంతే. వారం కింద మా పాత కారు స్పీడోమీటరు ముల్లు సున్నా దగ్గర ఆగిపోయింది. చాటుగా కిరాయికి తిప్పే డ్రైవర్లు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియకుండా మీటరు కేబుల్ ఊడదీస్తారు కదా! మా డ్రైవరు యాదయ్య కూడా అదే చేశాడని వీధిలో అందరి ముందూ తిట్టి, పనిలోంచి తీసేశాను. శ్రామికుల గౌరవం గురించి వ్యాసాలు రాసే నేనే.

ఈ రోజు మహబూబ్‌నగర్‌లో మెకానిక్ కారు కింద దూరి, కేబుల్ కొస విప్పి వేళ్లతో తిప్పాడు. ముల్లు కదిలింది.

"కేబుల్ మంచిగనే ఉంది సార్. గేర్‌బాక్స్ కాడ గీ ప్లాస్టిక్ చక్రం పండ్లు అరిగినయి. ఎవ్వలు ముట్టలే."

నేరుగా యాదయ్య ఇంటికి వెళ్లి, తప్పయిందన్నాను.

"మీ రాతలల్ల డ్రైవర్లు మంచోళ్లే సార్, మీ కార్ల కూసుంటెనే దొంగలయితరు," అన్నాడు. "తిట్టింది బజార్ల. మాఫీ మా ఇంట్ల అడుగుతరా?"

అందుకే ఈ డిమాండ్లు, మొదట నాకే:

మీటరు ఆగితే ముందు మెకానిక్ దగ్గరికి పోవాలి.

మీరు ఇలా ఎవరిని అన్నారో కింద కామెంట్లలో రాయాలి.

యాదయ్య మళ్లీ పనికొస్తాడా అని ఎవరూ అడగకూడదు, అది అతని ఇష్టం.

రేపు పొద్దున మా వీధిలో క్షమాపణ అడుగుతాను. ఆ రోజు చూసి నవ్వినవాళ్లంతా రావాలి.