రెండో నంబరు మీద కొమ్మ

కాలేజీ ల్యాబ్‌లో సీసాలకు పేర్లు రాసేది లేబులక్క. ఇరవై ఏళ్లుగా అదే పని, ప్రతిదానికీ ఆరా. కొత్త లెక్చరరమ్మ ఇచ్చిన చీటీలో ‘2-ఇథైల్ పెంటేన్’ అనే ఆల్కేన్ పేరు చూసి పెన్నుకు మూత పెట్టేసింది.

“ఇన్నేళ్లలో ఏ ఆల్కేన్‌కీ రెండో నంబరు మీద ఇథైల్ రాయలేదు మేడమ్. ఎందుకంటారు?”

లెక్చరరమ్మ విసుక్కుంటూ బొమ్మ గీసింది. అడ్డంగా అయిదు కార్బన్లు, రెండోదాని మీద ఇథైల్, అంటే రెండు కార్బన్ల కొమ్మ.

అక్క కొమ్మ చివర వేలు పెట్టి, మలుపు తిరిగి, వరుస ఆఖరుదాకా లెక్కపెట్టింది. ఆరు!

“అన్నిటికన్నా పొడుగాటి కార్బన్ గొలుసును బట్టే కదా మేడమ్ పేరు? మీరు కొమ్మ అన్నది గొలుసులోదే!”

లెక్చరరమ్మ నాలుక కరుచుకుని ఆరు కార్బన్ల గొలుసు, ఒక్క కార్బన్ కొమ్మగా ‘3-మిథైల్ హెక్సేన్’ అని దిద్దింది. “ఇదంతా ఎక్కడ చదివావక్కా?”

“చదవలేదు మేడమ్,” అంది అక్క, పెన్ను మూత తీస్తూ. “రాశానంతే.”