వరుసలో నిలబడ్డ చెప్పులు

వహీదమ్మ లెక్కలో ప్రపంచంలో ఉన్నవి రెండే రకాల దేశాలు. తివాచీ మీదికి బూట్లతో ఎక్కేసే దేశాలు, బూట్లు విప్పి ఎక్కే దేశాలు. మొదటి రకం బోలెడున్నాయని ఆవిడకు గట్టి అనుమానం. రెండో రకంలో ఏలూరు కాక ఇంకేదైనా ఉందా అని ఏళ్ల తరబడి వాకబు చేసి, చివరికి జపాన్‌ని పట్టుకుంది.

మాది తంగెళ్లమూడిలో ఓ తివాచీల కంపెనీ. నేను అక్కడ టైపు కొట్టే సిల్వియాని. టైపు కొట్టడం, ఫోనెత్తడం, ఎగుమతి కాగితాలు నింపడం, మేనేజరు పట్టాభిరామయ్య గారు కసురుకుంటే పడటం, అన్నీ నా ఉద్యోగమే. వహీదమ్మది షెడ్డులో కిటికీ పక్క మగ్గం. పదేళ్ల పిల్లగా వాళ్లమ్మ పక్కన మగ్గం ముందు చెక్క మీద కూర్చుని ఉన్ని ముడి వేయడం మొదలుపెట్టింది. ఆ ముళ్లు వేస్తూనే పెళ్లాడింది, పిల్లల్ని కంది, మోకాళ్లు అరగ్గొట్టుకుంది. ఇంత చేసీ, ఆవిడ ఎన్నడూ తివాచీ మీద కాలు పెట్టలేదు. మగ్గం దిగిన తివాచీని కత్తిరించి, ఉతికి, నేలమీద పరిస్తే అంచు చుట్టూ తిరిగి వెళుతుందే గాని అడ్డంగా దాటదు. "కొన్నవాళ్లదమ్మా అది. మన చేతుల వరకే మనది" అని వాళ్లమ్మ చెప్పిందట. ఆ అమ్మ పోయి చాలా కాలమైంది గానీ మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకసారి ఆవిడ నేసిన ఎర్ర తివాచీ విదేశీ కేటలాగులో అచ్చయి వచ్చింది. ముచ్చటపడి నేనే తీసుకెళ్లి చూపించాను. బొమ్మలో ఓ పెద్దమనిషి మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని దాని మీద దర్జాగా నిలబడ్డాడు. పక్కన కుక్క. ఆ కుక్క తడిసి ఉంది. వహీదమ్మ పుస్తకం మూసి నా చేతిలో పెట్టేసింది. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

"కుక్కకేం తెలుసులేమ్మా, నోరులేనిది. ఆ మనిషికేమొచ్చింది?" అంది సాయంత్రం ఇంటికి పోతూ.

తరవాత రెండువేల అయిదు వానాకాలంలో జపాను నుంచి ఒక బక్కపల్చటి కొనుగోలుదారు వచ్చాడు. పట్టాభిరామయ్య గారు "రండి రండి, ఫరవాలేదు, తొక్కండి" అని మర్యాద చేస్తుంటే, ఆయన పరిచిన తివాచీ అంచున ఆగి, వంగి, లేసు ముడులు విప్పి, బూట్లు రెండూ పక్కపక్కన సర్దిపెట్టి, అప్పుడు ఎక్కాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిన్న చిల్లు. షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

"మీ దేశంలో అందరూ ఇంతేనా అడుగమ్మా" అంది వహీదమ్మ. అడిగాను. మా ఇళ్లలో ఎవరూ చెప్పులతో నడవరని ఆయన చెప్పాడు. ఇక చూడండి. ఆ రోజు నుంచి జపాను మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఏ దేశం సరుకు ఆలస్యమైనా నోరెత్తని మనిషి, జపాను ఆర్డరు వచ్చిందంటే ఉన్ని రంగు నాలుగుసార్లు వెలుగులో పెట్టి చూసేది.

రెండువేల ఎనిమిదిలో టోక్యోలో మన దేశపు చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారనీ, ఒక నేతమనిషినీ తోడుగా ఇంకొకరినీ పంపమనీ కబురొచ్చింది. కాస్త ఇంగ్లీషు ముక్కలొచ్చిన కుర్రవాణ్ణి పంపుదామని మేనేజరు గారి ఆలోచన. వహీదమ్మ వచ్చి ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ మేనేజరు గారూ, నేనెప్పుడైనా మిమ్మల్ని ఏదైనా అడిగానా అండీ?"

ఆయన చాలాసేపు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించారు. "లేదమ్మా."

"ఇప్పుడడుగుతున్నానండీ. నా తివాచీ మీద ఎవరైనా ఉత్త కాళ్లతో నడుస్తుంటే కళ్లారా చూడాలండీ. ఒక్కసారి చూసుకుని వచ్చేస్తాను."

పట్టాభిరామయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అలా ఆవిడ, ఆవిడకు తోడుగా నా ఇంగ్లీషు బయల్దేరాం. భీమడోలు నుంచి మా అమ్మ రూతమ్మ వచ్చి, కొల్లేటి కొరమీను పచ్చడి సీసా నా పెట్టెలో కుక్కి, ప్రార్థన చేసి పంపింది. నా ఇంగ్లీషుకి ఆ దేశంలో ఎంత చలామణీ ఉందో దిగాక తెలిసింది. పచ్చడే ఎక్కువ పనికొచ్చింది.

విమానం దిగి నడిచి నడిచి ఒక పెద్ద హాల్లోకి వచ్చాం. అక్కడుంది క్యూ! తాళ్ల మధ్య మెలికలు తిరిగి, ఇటు పోయి, అటు వచ్చి, మళ్లీ ఇటే పోతోంది. పరదేశీలందరి వేలిముద్రలూ ఫోటోలూ తీసుకోవాలని కిందటేడే రూలు పెట్టారట, అందుకని నత్తనడక. అవతల సొంత దేశం వాళ్ల క్యూ మాత్రం మంచినీళ్లు తాగినంత సులువుగా సాగిపోతోంది.

"మన కొల్లేటికి ఏటా ఎక్కడెక్కడి కొంగలో వస్తాయి. వాటినెప్పుడైనా వేలిముద్రలడిగామా సిల్వియమ్మా?" అంది వహీదమ్మ మోకాళ్లు రాసుకుంటూ.

"వాటికి వేళ్లెక్కడివండీ" అన్నాను. నవ్వి, వెనక్కి తిరిగి చూసేసరికి ఆవిడ లేదు. ఆవిడ నిలబడ్డ చోట ఆవిడ చెప్పులున్నాయి.

మా తంగెళ్లమూడి కిరసనాయిలు డిపో దగ్గర ఇదే పద్ధతి. డబ్బానో, రాయినో, చెప్పుల జతనో వరుసలో పెట్టి నీడకు పోయి కూర్చుంటారు. క్యూ కదిలితే వెనకవాళ్లు వాటిని ముందుకు జరుపుతారు. చెప్పు అక్కడుంటే మనిషి ఉన్నట్టే. ఆ డిపో దగ్గర వహీదమ్మ చెప్పుల్ని దాటే ధైర్యం వీధి మొత్తంలో ఎవరికీ లేదు. కానీ ఇది విమానాశ్రయం! దిక్కులేని సంచి కనబడితే పోలీసులొస్తారని విమానంలో పాఠం చెప్పినట్టు చెప్పాను. సంచి గురించే చెప్పాను, చెప్పుల మాట నాకు తట్టలేదు. ఆవిడేమో గోడవారన బెంచీ మీద కాళ్లు చాపుకుని, నాకు చెయ్యి ఊపుతోంది.

క్యూ కదిలింది. నేను కదిలాను. చెప్పులు కదల్లేదు. నా వెనక ఖాళీ పెరిగింది. ఆ ఖాళీ వెనక ఓ భారీ తెల్లాయన, ఆయన వెనక ఫిలిప్పీన్స్ నర్సులు, అందరూ ఆ బాటా చెప్పుల కేసి చూస్తున్నారు. తెల్లచేతితొడుగులు వేసుకున్న యూనిఫారం అమ్మాయి ఒకతె గబగబా వచ్చింది. చెప్పులు చూసింది. నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను.

అంతలో ఆ భారీ తెల్లాయన వంగి, చెప్పుల్ని మర్యాదగా ఒక అడుగు ముందుకు జరిపి, బెంచీ వైపు వేలు చూపించాడు. యూనిఫారం అమ్మాయి అటు తిరిగింది. వహీదమ్మ కూర్చునే చెయ్యెత్తి సలాం పెట్టింది. అమ్మాయి నడుము వంచి నమస్కరించింది. నడుం వంచిన మనిషికి కూర్చుని సలామేమిటని వహీదమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, తానూ వంగింది. అమ్మాయి ఇంకాస్త వంగింది. మర్యాదలో గోదావరి జిల్లా మనిషి ఓడిపోవడమా? వహీదమ్మ మళ్లీ వంగింది. ఇదెక్కడ ఆగుతుందో నాకు అర్థం కాలేదు. చివరికి ఆ అమ్మాయే వచ్చి, రెండు చేతులా చెప్పులు తీసుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, నా వెనక సరిగ్గా సర్దిపెట్టింది. అప్పట్నుంచి క్యూ కదిలినప్పుడల్లా వచ్చి జరపడం ఆ పిల్ల పనైపోయింది.

తెల్లాయన కాసేపు ఆలోచించాడు. తన బూట్లు విప్పి వరుసలో పెట్టి, పోయి వహీదమ్మ పక్కన కూలబడ్డాడు. తరవాత ఒక నర్సు. తరవాత ఒక ముసలి జంట. బెంచీ నిండిపోయింది. నేను ముందు, నా వెనక రకరకాల బూట్లూ చెప్పులూ బుద్ధిగా క్యూలో నిలబడి జపానులోకి వెళుతున్నాయి. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని పళ్లు బిగించిన కొద్దీ కడుపులోంచి ఇంకా పొంగింది. కౌంటరు దగ్గరికొచ్చాక అధికారి "ఈ చెప్పుల మనిషేరీ" అన్నట్టు చూస్తే, వహీదమ్మ ఉత్త కాళ్లతో పరుగులాంటి నడకతో వచ్చి వాటిల్లో దూరింది. వేలిముద్రల యంత్రం ఆవిడ అరిగిన వేళ్లని ఒకటికి రెండుసార్లు కాదని, ఆఖరికి ఒప్పుకుంది.

"చూశావా, ఎంత మంచి క్యూ! ఒక్కడూ దూరలేదు" అంది బయటికొస్తూ.

ఇక ఊళ్లో ధరలు. టాక్సీ తలుపు దానంతటదే తెరుచుకుంటే వహీదమ్మ ఆ తలుపుకి థాంక్సు చెప్పింది. మీటరు కేసి చూసి నేను గుండె పట్టుకున్నాను. యెన్నులు రూపాయల్లోకి మార్చి చెబితే ఆవిడకు ఎక్కలేదు. కొరమీనుల్లో చెప్పమంది. "కప్పు కాఫీ ఎన్ని కొరమీన్లమ్మా?" "ఒక మోస్తరుదండీ." "టాక్సీ?" "బుట్టెడు." దుకాణం అద్దంలో ఒక కర్బూజా పండు పెట్టెలో పడుకుని, రిబ్బను కట్టుకుని ఉంది. దాని ధర చెప్పాను. వహీదమ్మ ఆ పండుని ఎగాదిగా చూసి, "ఇది చెరువుకి చెరువే తినేసేలా ఉంది, పద" అంది. రోజూ కొట్లో దొరికే అన్నం పొట్లంలో అమ్మ పచ్చడి కలుపుకుని తిన్నాం. దారి తప్పి ఒక పెద్దాయన్ని అడిగితే ఆయన తన దారి మానుకుని స్టేషను దాకా మాతో నడిచి, మమ్మల్ని రైలెక్కించి, రైలు కదిలేదాకా వంగే ఉన్నాడు. ఆ ఊళ్లో డబ్బు లేకుండా దొరికేది మర్యాద ఒక్కటే, అదైతే ఎంత కావాలంటే అంత.

ప్రదర్శన మొదలైన రోజు పొద్దున్నే వహీదమ్మ కొత్త చీర కట్టింది. నాకన్నా ముందే తయారైపోయి మంచం చివర కూర్చుంది. నాకూ ఉత్సాహంగానే ఉంది. తీరా హాల్లో అడుగుపెట్టాక సంగతి తెలిసింది. అది ఇల్లు కాదు. సిమెంటు నేల, ఇనుప స్తంభాలు, గోదాములాంటి పెద్ద హాలు. వచ్చిన వాళ్లందరి కాళ్లకీ నల్లగా నిగనిగలాడే బూట్లే. ప్రదర్శన వాళ్లు స్వాగతం బాగుంటుందని మాకిచ్చిన దుకాణం ముందు తివాచీ పరిచారు. వహీదమ్మ నేసినదే. నీలం నేల మీద తెల్ల పువ్వులు, ఏడాదిలో సగం తిన్న తివాచీ.

ఆవిడ లోపల చిన్న మగ్గం ముందు కూర్చుని ముళ్లు వేస్తోంది. ఒక జత బూట్లు తివాచీ ఎక్కాయి. తరవాత రెండు జతలు. ఎత్తు మడమల జోళ్లు, చక్రాల పెట్టె ఒకటి. వహీదమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడా ఇంతేనా సిల్వియమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం ఇందుకా తీసుకొచ్చాను! ప్రదర్శన కుర్రాడి దగ్గరికి పరిగెత్తి, కాళ్లూ బూట్లూ తివాచీ చూపించి నా ఇంగ్లీషంతా ధారపోశాను. అతను శ్రద్ధగా విని, క్షమించమని వంగి, నాకొక కుర్చీ తెచ్చి వేశాడు.

తిరిగొచ్చేసరికి వహీదమ్మ లేచి నిలబడి ఉంది. తివాచీ చుట్టూ తిరిగి బయటివైపు అంచుకి వచ్చింది. తన బాటా చెప్పులు విప్పింది. వాటిని అంచు పక్కన, కిరసనాయిలు డిపో దగ్గర పెట్టినట్టే, మడమలు కలిపి సర్దిపెట్టింది. ఎవరి కేసీ చూడలేదు. ఉత్త కాళ్లతో సిమెంటు మీద చుట్టూ నడిచి వెళ్లి మళ్లీ మగ్గం ముందు కూర్చుంది.

టై కట్టుకున్న ఒకాయన ఫోనులో మాట్లాడుతూ తివాచీ మీదికి కాలెత్తాడు. కింద చెప్పులు కనబడ్డాయి. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఫోను జేబులో పెట్టాడు. వంగి బూట్లు విప్పి, చెప్పుల పక్కన పెట్టి, మేజోళ్లతో ఎక్కాడు. ఆయన వెనక వచ్చినావిడ ఆ రెండు జతలూ చూసి తన ఎత్తు మడమల జోడు విప్పింది. ఆ తరవాత ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నానికి జోళ్ల వరుస మా దుకాణం దాటి పక్క ఇత్తడి సామాన్ల వాళ్ల ముందుకి పాకింది. వాళ్లు మా మీద కోప్పడాలో నవ్వాలో తెలీక చూస్తున్నారు. నేను మాత్రం ఆ వరుస వెంట అటూ ఇటూ తిరుగుతూ, పక్కకు ఒరిగిన బూట్లని నిలబెడుతూ, గాల్లో తేలుతున్నాను. వహీదమ్మ ముడి వేయడం ఎప్పుడో మానేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాళ్లే చూస్తోంది. పొట్టి కాళ్లు, పొడుగు కాళ్లు, చిల్లు మేజోళ్లు, గోళ్లరంగు వేసిన పాదాలు. ఎవరి పాదాలు దిగబడినా ఆవిడ మొహం వెలిగిపోతోంది.

అప్పుడు చేతికర్రతో ఒక బాగా ముసలావిడ వచ్చింది. తంటాలు పడి జోళ్లు విప్పింది గానీ, అంచు ఎక్కడానికి ఆధారం లేక చెయ్యి చాచింది. దగ్గర్లో ఉన్నది వహీదమ్మే. లేచి వెళ్లి అంచు బయట నిలబడి చెయ్యి అందించింది. ముసలావిడ ఎక్కింది. ఎక్కి, చెయ్యి వదల్లేదు. ఇంకో అడుగు వేసి, వెనక్కి తిరిగి, రమ్మన్నట్టు లాగింది.

వహీదమ్మ అంచు దగ్గర ఆగిపోయింది. వాళ్లమ్మ మాట నాకూ గుర్తొచ్చింది. ముసలావిడ ఏమిటో అంది, ఆ భాష మా ఇద్దరికీ రాదు. మళ్లీ లాగింది. పెద్దావిడ అంతగా పిలుస్తుంటే కాదనడం మర్యాద కాదు కదా. వహీదమ్మ కుడికాలు ఎత్తి, పువ్వు మీద పడకుండా నీలం చోటు చూసుకుని, మెల్లిగా పెట్టింది. ఎడమకాలు కూడా పెట్టింది.

నేను నా చెప్పులు విప్పి, వరుస చివర ఇత్తడి వాళ్ల దుకాణం ముందు పెట్టి వచ్చేసరికి ఆవిడ అక్కడే, ముసలావిడ చెయ్యి పట్టుకుని, వేళ్లు ఉన్నిలోకి ముడుస్తూ చాపుతూ నిలబడి ఉంది. నన్ను చూసి, దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంత మెత్తగా ఉంటుందని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదేమిటమ్మా!"