దెల్ఫీనా విసిరిన మట్టి

దెల్ఫీనాకు కెమెరా కనబడితే పూనకం వస్తుందనీ, ఫొటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆవిడ నమ్మకమనీ, అందుకే అంత పేరున్న ఫొటోగ్రాఫర్ వెండెల్ ప్రాట్ ముఖాన అడుసు కొట్టిందనీ దిగువూరి పెట్రోలు బంకులో ఈనాటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో ఆ రోజు అక్కడున్నవాళ్లు ఒక్కరూ లేరు. కథ అంత బాగా కుదిరింది అందుకే.

నిజానికి దెల్ఫీనా ఇంటి గోడల నిండా ఫొటోలే. ఆవిడ బెంగంతా చర్చి దక్షిణపు గోడ గురించి. వాళ్ల ఊరు ఆగ్వా పార్దాలోని ఆ చర్చి పచ్చి ఇటుకల కట్టడం. ఏటా కొండల మీద మబ్బు కమ్మకముందే ఊరంతా కలిసి దానికి మట్టి మెత్తుతారు. మగవాళ్లు మట్టి జల్లించి, గడ్డి కలిపి, తొక్కి మోస్తారు. గోడ మీద చెయ్యి వేసేది మాత్రం ఆడవాళ్లే. వాళ్లకు పెద్ద దెల్ఫీనా. ఆ ఏడు దక్షిణపు గోడ అడుగున చెయ్యి దూరేంత బీట పడింది. అందులోకి నీళ్లు దిగితే గోడ కూలడం ఖాయం.

సరిగ్గా ఆ బీట కోసమే ప్రాట్ శిష్యులతో సహా దిగాడు. బండరాళ్లు, పాడుబడ్డ కోటలు, ఒంటరి చర్చిలు ఆయన సరుకు. మనుషులు పడితే ఫొటో చెడుతుందని ఆయన సిద్ధాంతం. రాగానే దెల్ఫీనా ట్రక్కును పక్కకు తీయించాడు. పక్కింటివాళ్లు ఆరేసుకున్న దుప్పట్లు తీయించాడు. కరెంటు స్తంభాన్నీ తీయించేవాడే గాని అది ఊడలేదు. శిష్యులు మోకాళ్ల మీద కూర్చుని బీటను ఫొటోలు తీశారు. చర్చి లోపల దేవుడి ముందు కూడా అంతసేపు ఎవరూ మోకరిల్లి ఎరగరు.

ఆదివారం సాయంత్రపు ఎండ బీట మీద అద్భుతంగా పడుతుంది, అందాకా మట్టి ముట్టుకోవద్దని ప్రాట్ అడిగాడు. చర్చి కమిటీ పెద్ద ఎలీసియో సరేనని, ఆ కబురు తన వదిన దెల్ఫీనాకు మోసుకొచ్చాడు.

"ఆయన క్యాలెండరు అట్ట మీద మన చర్చి వేస్తాడట వదినా. ముందర నన్ను నిలబెడతాడట."

"మనుషులుంటే చెడుతుందన్నాడుగా?"

"నా టోపీ నచ్చిందట."

"అయితే ఆగుదాంలే. గోడ పోయినా టోపీ మిగులుతుంది."

ఎలీసియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అడుసు తొక్కడానికి అతనే ముందుగా దిగాడు.

ప్రాట్ పరుగెత్తుకొచ్చాడు. బీటలంటే కాలం పెట్టిన సంతకాలని, వాటిని చెరపడం పాపమని చెప్పాడు. మా వానకు చదువు రాదు బాబూ, సంతకాలు చూసి ఆగదు అంది దెల్ఫీనా. ఇక లాభం లేదని ఆయన సిద్ధాంతం మార్చుకున్నాడు. పనిచేసే చేతుల్లోనే చరిత్ర ఉందన్నాడు.

అక్కణ్ణుంచి పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. లోతు బీటలో మట్టి పట్టాలంటే అరచేత్తో పామితే చాలదు, ముద్దను బలంగా విసిరికొట్టాలి. విసరబోయిన ప్రతిసారీ ఆయన ఆపాడు. చెయ్యి ఎత్తే ఉంచమన్నాడు. గడ్డం దించమన్నాడు. నవ్వొద్దన్నాడు. చేతిలో ముద్ద ఎండిపోతే కొత్తది తీసుకోమన్నాడు. వెనక ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. కొండ మీద మబ్బు నల్లబడుతోంది.

చివరికి ఆయన గోడకు ఆనుకుని, బీట పక్కనే చతికిలబడి కెమెరా పైకెత్తాడు.

"మీరు బిగుసుకుపోతున్నారు మేడమ్. మేమిక్కడ లేమనుకోండి. ఎప్పుడూ ఎలా వేస్తారో అలాగే వేయండి."

"నిజంగానే లేరనుకోమంటారా?"

"నిజంగానే."

దెల్ఫీనా చెప్పిన మాట వినే మనిషి. లేరనుకుంది. ఎప్పుడూ వేసినట్టే వేసింది. ముద్దలో సగం బీటలోకి, కొంత కెమెరా అద్దం మీదికి, మిగిలింది ప్రాట్ నుదుటి మీదికి వెళ్లాయి.

ఆయన పంపు దగ్గరకు పోయి కడుక్కుంటూ ఉండిపోయాడు. ఇప్పుడేం ఫొటో తీయాలో చెప్పేవాళ్లు లేక శిష్యులు దిక్కులు చూశారు. దెల్ఫీనా వాళ్ల చేతుల్లో బకెట్లు పెట్టించింది. మోసేవాళ్లు పెరిగేసరికి పని ఊపందుకుంది. పొద్దు వాలేలోగా గోడంతా మెత్తేశారు.

వాన ఆదివారం దాకా ఆగలేదు, మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది. గోడ కూలలేదు.