వేడి చేస్తుందని మానేసినవి

నలభై తొమ్మిదో ఏట నాకు నెలసరి రావడం ఆగిపోయింది. ఇంట్లో ఆ సంగతి మొదట పసిగట్టింది మా అత్త. "ఇంక నీకు అడ్డేటుందమ్మా, రోజూ దేవుడికి దీపం నువ్వే పెట్టు" అంది. ఆ వెంటనే గుడ్లు, నువ్వులు, బెల్లం, చేపలు మానేయమంది. "అన్నీ వేడి సేత్తాయి."

ఎదురు చెప్పే ఓపిక లేక మానేశాను. రెండు నెలలు పెరుగన్నం, ఆనపకాయ కూర. అయినా రోజుకి ఏడెనిమిదిసార్లు గుండెల కింద మంట లేచి మెడ, చెవులు కాలిపోయేవి. కూర్చోబుద్ధి కాదు, లేస్తే ఎటు వెళ్ళాలో తోచదు. ఊరికే పిల్లల మీద అరిచేదాన్ని.

పరవాడలో ఒక మందుల కంపెనీలో మాత్రల ప్యాకింగ్ నా పని. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు, మాస్కు, గ్లౌజులు. ఒక మధ్యాహ్నం లైన్ నడుస్తుండగా మంట లేచింది. ఊపిరాడక, ఏం చేస్తున్నానో తెలియకుండానే టోపీ, మాస్కు లాగేశాను. చెమట మాత్రల మీద పడింది. లైన్ ఆపేశారు, ఆ మాత్రలన్నీ పారబోశారు. సూపర్‌వైజరు ఏమైందని అడిగితే "బీపీ సార్" అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. రెండు రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారు.

మర్నాడు పొద్దున్న మా వీధికి చేపలమ్మే ఆమె వచ్చింది. నాకంటే పెద్దది, అక్క వరసలో అప్పా అని పిలుస్తాను.

"ఏటమ్మా, సేపలు మానేసినావు? ముకం పీక్కుపోనాది."

గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. ఆమె పకపకా నవ్వింది.

"నాను పుట్టిన్నుంచీ సేపలే తింతన్నాను. నాకూ వచ్చిందమ్మా ఆ మంట, మూడేళ్ళు. తిన్నా వత్తాది, మానేసినా వత్తాది. తింటే బుట్ట ఎత్తుకోడానికి సత్తువుంటాది, అంతే."

"సిగ్గనిపించలేదా అప్పా?"

"సిగ్గేటి? రేవుకాడ అందరం ఆడోళ్ళమే. ఒకర్తికి సెమటొత్తే పక్కది పైటతో ఇసిరేది."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కవ్వళ్ళ చేపలు తీసుకుని పులుసు పెట్టాను. వాసనకి అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"సెప్తే ఇనవా?"

"నీకు ఆగినప్పుడు ఎలా ఉండేదత్తా?"

అత్త గడప మీద కూలబడి, "నాట్లేత్తా మడిలో సన్నీళ్ళు మెడకి రాసుకునేదాన్ని. మీ మావకీ సెప్పలేదు. మా అత్త సేపలు మానిపించీసింది, సల్లబడతాదని" అంది.

"చల్లబడిందా?"

"లేదు."

చిన్నప్పుడు చేప లేనిదే ముద్ద దిగేది కాదట ఆమెకి. పాతికేళ్ళయింది తిని. కంచంలో పెట్టి ఇచ్చాను. పులుసు కలుపుకుని రెండు ముద్దలు తింది. చేపముక్క పక్కకి జరిపేసి, "ఇంక అలవాటు పోనాదే" అంది. చెయ్యి కడుక్కున్నాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుంది.

పనిలోకి వెళ్ళిన రోజు సూపర్‌వైజరుకి చెప్పాను: "నాకు ముట్లుడిగే వయసు సార్. ఒళ్ళు మండినప్పుడు పది నిమిషాలు బయటికి పంపండి." ఆయన రిజిస్టర్లోంచి తల ఎత్తకుండానే సరేనన్నాడు.

మంట ఇప్పటికీ వస్తోంది. చేపలు తింటున్నాను కాబట్టి ఒంట్లో సత్తువ మాత్రం ఉంది. వరండాలోకి వచ్చి అటూ ఇటూ తిరుగుతాను. వారం తిరక్కుండా మా లైన్లో ఇంకో ఇద్దరు కూడా బయటికి రావడం మొదలుపెట్టారు. ఒకామె ఇంట్లో చెప్పుకుంది. రెండో ఆమె ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదట.