అరుగు మీద వేయించుకున్న సూది

నా మొదటి బిడ్డ పాలు తాగడం మానేసిన రోజున ఇంట్లో అందరూ ఆకాశంలోకి చూశారు, ఏ పక్షి నీడ పడిందా అని.

అది యలమంచిలిలో, మా పుట్టింట్లో. మొదటి పురుడు కాబట్టి అక్కడే పోశారు. మంత్రసాని సంచీలోంచి కొడవలి తీసి, దానికి పసుపు రాసి బొడ్డు కోసింది. పైన పిడకల బూడిద అద్దింది. మా అమ్మకీ, మా నాయనమ్మకీ అలాగే కోశారు, అందుకని ఎవరూ వింతగా చూడలేదు. వారం తిరిగేసరికి పిల్లవాడి దవడ బిగుసుకుపోయింది. ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. పక్షిదోషం అన్నారు, తాయెత్తు కట్టారు. వాడు పోయాక, పురిట్లో నేను మంత్రసాని మీద అరిచాననీ, నా నోటి దురుసుకి బిడ్డ దడుచుకున్నాడనీ అన్నారు. నిజంగా అన్నారు, నా ఎదురుగానే. బాలింత మీద వేయడానికి ఇంతకంటే తేలికైన నింద ఇంకేముంది?

ఒట్టి చేతులతో నర్సీపట్నం తిరిగొచ్చాను. అత్తవారిల్లు గొలుగొండ రోడ్డు వైపు, ఊరు అయిపోయి చెరకు తోటలు మొదలయ్యే చోట. ఇంట్లో మేం ముగ్గురమే: మా అత్త, మా ఆయన, నేను. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అత్త మాటే మాట.

మళ్ళీ నెల తప్పింది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. అంతకుముందు రెండేళ్ళు ఆ వీధిలో జనం గవర్నమెంటు నర్సమ్మని చూస్తే హడలిపోయేవారు. దూరంనుంచి ఆవిడ నల్ల గొడుగు కనబడితే మగాళ్ళు చెరకు తోటల్లో దూరేవారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి లాక్కుపోతుందని. ఇప్పుడు అదే గొడుగు, అదే ఆవిడ, కాకపోతే సంచీలో మందు సీసాలున్న ఫ్లాస్కు. కడుపుతో ఉన్నవాళ్ళకి ధనుర్వాతం సూది వేస్తానంటుంది. ఎవరు నమ్ముతారు? "మగోళ్ళకి కత్తెట్టి కోసీనారు, ఇప్పుడు ఆడోళ్ళకి సూదితో కట్టీడానికొచ్చినారు" అని వీధంతా తేల్చేసింది. ఆ సూది పడితే మళ్ళీ కడుపు రాదని అందరికీ నమ్మకం. మా అత్త ఆవిణ్ణి మా గుమ్మం వంక చూడనిచ్చేది కాదు.

ఒక రోజు అత్త చేలోకి వెళ్ళిన వేళ నేనే పిలిచాను.

"నర్సమ్మగారూ, ఆ సూది దేనికండీ?"

"ధనుర్వాతం రాకుండానమ్మా. తల్లికి వేస్తే బిడ్డకీ రక్షణ."

"ధనుర్వాతమంటే ఏటవుద్ది?"

ఆవిడ చెప్పింది. పుట్టిన పిల్లలకి కోసిన బొడ్డులోంచి మురికి లోపలికి పోతుందనీ, తుప్పు కొడవళ్ళూ బూడిదా పేడా దానికి దారి అనీ. ముందు పాలు మానేస్తారు, తరవాత దవడ బిగుస్తుంది, ముట్టుకుంటే ఒళ్ళు వంగిపోతుంది. నా బిడ్డ పక్కన కూర్చుని చూసినట్టే చెప్పింది.

"ముందటేడు మా గుమ్మంలోకి ఎన్నిసార్లొచ్చినారండీ మీరు? నేను నిండు కడుపుతో ఈ అరుగు మీదే కూకున్నాను. ఒక్క మాట సెప్పినారా?"

ఆవిడ గొడుగు ముడిచి పక్కన పెట్టింది.

"చెప్పలేదమ్మా. ఆపరేషన్ కేసులు తేకపోతే జీతం ఆపేస్తామన్నారు మమ్మల్ని. మీ ఆయన ఇంట్లో ఉన్నాడా అని అడిగాను గానీ మీ కడుపు వంక చూడనే లేదు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిణ్ణి తిట్టాను, ఆవిణ్ణి పంపినవాళ్ళని తిట్టాను, కొడవలిని తిట్టాను. ఆవిడ ఎదురు చెప్పలేదు, వెళ్ళిపోనూ లేదు. నిలబడి మొత్తం వింది. తప్పించుకోవాలనుకుంటే అబద్ధం ఆడి పోయేది గదా అనిపించింది. అక్కడ నాకు నమ్మకం కుదిరింది.

"అయితే ఎయ్యండి. ఇప్పుడే."

"మీ అత్తగారు రానీ అమ్మా. ఆవిడ ఒప్పుకోకుండా వేస్తే నన్ను ఈ వీధిలోకి రానివ్వరు."

"సెయ్యి మా అత్తది కాదు గదండీ."

"పోనీ, లోపలికి పదండి."

"లోపలెందుకు? ఇక్కడే, అరుగు మీదే. సాటుగా ఏయించుకోడానికి నేనేం దొంగతనం సేత్తన్నానా?"

ఆవిడ సిరంజి మరిగించడానికి నీళ్ళు అడిగింది. పొయ్యి మీద చేతికందిన పాలగిన్నెలోనే మరగబెట్టి ఇచ్చాను. ఎదురింటి కిటికీలోంచి, పక్కింటి పెరట్లోంచి జనం చూస్తున్నారు. చూడనీ అని జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. సరిగ్గా సూది దిగుతుంటే మా అత్త కొడవలి చంకన పెట్టుకుని వచ్చింది.

"ఓలమ్మో! కొంప ముంచీసింది! ఒసే, నీకేటి పుయ్యకాలమే? నా వొంశం కట్టీయించేసుకుంతన్నావా? అదీ పాలగిన్నెలో!"

పాలగిన్నె సంగతి ఆ హడావుడిలో కూడా మరిచిపోలేదు మా అత్త. చీపురు తిరగేసి నర్సమ్మని వీధి చివరిదాకా సాగనంపింది. ఆ సాయంత్రానికి నా చెయ్యి వాచి, కాస్త ఒళ్ళు వెచ్చబడింది. వీధిలో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి వాపు నొక్కి చూసి, అయ్యో పాపం అని వెళ్ళారు. ఇంకేముంది, కట్టేశారనే అనుకున్నారు. రెండు రోజుల్లో వాపు తగ్గితే దాన్ని చూడటానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

నెల పోయాక రెండో సూది పడాలి. నర్సమ్మ మా ఇంటి వైపు రావడం మానేసి రోడ్డు అవతలి అంచున నడిచిపోయేది. మా ఆయన మంచివాడే గానీ అత్త ముందు నోరు లేవదు. "ఒకటేయించుకున్నావు గదా, సాల్లేద్దూ" అన్నాడు. సగం ఉడికిన అన్నం తింటావా అని అడిగి, చెప్పులు వేసుకుని బజారుకి నడిచాను. బస్టాండు దాటాక ఒక డాక్టరుగారి క్లినిక్కు ఉండేది.

నాకంటే ముందు ఒకాయన కాలికి మేకు గుచ్చుకుని వచ్చాడు. డాక్టరుగారు గాయం చూస్తూనే, అడగకుండానే, ధనుర్వాతం ఇంజెక్షన్ రాసి కాంపౌండరుని పిలిచారు. తరవాత నా వంతు.

"ఒక్కదానివే వచ్చావేంటమ్మా? మీ ఆయన రాలేదా?"

"కడుపు నాకండీ, ఆయనకి కాదు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. రెండో సూది కావాలన్నాను. ఎవరు చెప్పారన్నారు, చెప్పాను.

"మీ దగ్గిరికొచ్చే కడుపుతో ఉన్నోళ్ళకి ఇది ఏత్తారాండీ?"

"అడిగితే వేస్తాం."

"ఆ మేకు గుచ్చుకున్నాయన అడిగినాడాండీ?"

ఆయన ఇంజెక్షన్ కాంపౌండరుకి వదలకుండా స్వయంగా వేశారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. చదువుకున్నవాడు, మందు బీరువాలో ఉన్నవాడు. దాని పేరే తెలియని ఆడది ఎలా అడుగుతుంది?

రెండో పురుడు అత్తవారింట్లోనే. కొత్త బ్లేడు తెప్పించి, మరిగించి పెట్టాను. బూడిద పట్టుకొచ్చిన ఈ ఊరి మంత్రసానికి కోపం వచ్చింది. "నా సేతుల్తో ఈ ఊరు సగం పుట్టినాది, నాకు సెప్తావేటే నువ్వు?" అంది. నొప్పులకి కళ్ళు తిరుగుతున్నా బిడ్డ బొడ్డు మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. బూడిద పడాలంటే ముందు నా చేతి మీద పడాలి అన్నాను. మంత్రసాని మా అత్త వంక చూసింది. అత్త బయటికి వెళ్ళిపోయింది. మంత్రసాని బూడిద పక్కన పెట్టేసింది.

ఆడపిల్ల. మా అత్త దాన్ని ఎత్తుకోలేదు. మగపిల్లాడు కాదని కోపం అనుకున్నాను, నా మీద కక్ష అనుకున్నాను. కానీ నేను పాలిచ్చినప్పుడల్లా తలుపు అవతల నిలబడేది. "తాగతందా?" అని ఒక్క మాట అడిగి పోయేది. నాకు మాత్రం ధైర్యం ఉందా? ఆ వారమంతా నిద్రలేదు. పిల్ల ఆవులించినా గడ్డం కింద వేలు పెట్టి దవడ ఆడుతోందో లేదో చూసుకునేదాన్ని.

వారం గడిచింది. ఇంకో నాలుగు రోజులు గడిచాయి. పిల్ల తాగుతూనే ఉంది, వీధి వినేలా ఏడుస్తూనే ఉంది. ఆ పొద్దున అత్త లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, చిటికెన వేలు పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల అదే పాలనుకుని గట్టిగా చీకింది. అత్త అలాగే గోడకి జారబడి కూర్చుండిపోయింది.

"నాకు ముగ్గురు పోనారే. మీ ఆయనకి ముందిద్దరు, తరవాతొకర్తి. ఇలాగే, దవడ కట్టీసి. పొద్దుగూకినాక పిల్ల బట్టలు బయటొగ్గీసినాను, పక్కినీడ పడిపోనాదని మా అత్త నన్నే అన్నాది. ఇన్నాళ్ళూ నా వొల్లే పోనారనుకున్నాను." పిల్ల వంక చూస్తూ అడిగింది, "ఈ సూది ఏసుంటే బతికేవోరా?"

ఏమో అనొచ్చు, దేవుడి రాత అనొచ్చు. నాకు చేతకాలేదు. నా వాడి గురించి కూడా అదే ప్రశ్న నాకుంది.

"బతికేవారత్తా. నీ వల్ల పోలేదు."

అత్త చాలాసేపు ఏడ్చింది. నేను ఓదార్చలేదు, నేనూ ఏడ్చాను.

మళ్ళీ నర్సమ్మ వచ్చిన రోజున ఎప్పటిలాగే అవతలి అంచున నడుస్తోంది. మా అత్త రోడ్డు దాటి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మళ్ళీ చీపురు తిరగేస్తుందేమోనని నేను పిల్లనెత్తుకుని పరుగెత్తాను. అత్త ఆవిణ్ణి నేరుగా ఎదురింటి అరుగెక్కించింది. ఆ ఇంటి కోడలికి అయిదో నెల. పెద్దాయన మంచం మీంచి లేచి, "ఏటిది, ఆపరేషన్ సూది మా ఇంటికట్టుకొస్తన్నావు?" అని అరిచాడు.

"నోరు ముయ్యి!" అంది మా అత్త. "ఇది లేక నా కడుపున పుట్టినోళ్ళు ముగ్గురు మట్టిలో ఉన్నారు. నీకేటి తెలుసు? అమ్మా, నువ్వు సెయ్యి సాపు. బేగి!"